ప్రయాణ బీమా – ఎవరు ముందు, ఎవరు వెనక?

బషీరాబాదు పుట్టింటినుంచి రైల్లో తిరిగొచ్చేటప్పుడు తాండూరు కందిపప్పు మూట వుందో లేదో పదిసార్లు చూసుకుంటాం. టిక్కెట్టుతో బీమా వుందో లేదో ఒక్కసారైనా చూస్తామా?

ఇంటర్నెట్టులో రిజర్వేషను చేసేటప్పుడు బీమా కావాలా అని అడుగుతుంది. మనిషికి అర్ధరూపాయి కూడా కాదు. 2016లో వచ్చింది. ప్రమాదంలో గాయపడితే ఆస్పత్రి ఖర్చుకు 2 లక్షలదాకా, ప్రాణం పోతే 10 లక్షలు. కౌంటరు టిక్కెట్టుకు ఇది లేదండీ. రైల్వే చట్టం కింద వచ్చే పరిహారం మాత్రం దానికీ వుంది.

మరి ఇంట్లో ఆరోగ్య బీమా కూడా వుంటే? ఇక్కడే చాలామంది పొరబడతారు. బిల్లు లక్షన్నర అయితే రెండుచోట్లా లక్షన్నర చొప్పున రాదు. మొదటివారు లక్ష ఇస్తే, మిగిలిన యాభైవేలే రెండోవారిని అడగాలి. రెండూ ఆరోగ్య పాలసీలే అయితే ఏది ముందన్నది మన ఇష్టం. 2024 నిబంధనల ప్రకారం, చాలకపోతే మొదటి కంపెనీయే రెండోదానితో మాట్లాడాలి. ప్రాణానికి ఇంత అని రాసిన మొత్తం అలా కాదు, ఎన్ని పాలసీలుంటే అన్నీ ఇస్తాయి.

మా బంధువు ఒకావిడ అసలు బిల్లులన్నీ మొదటిచోట ఇచ్చేసి, నకళ్ళు లేక రెండోచోట ఆర్నెల్లు తిరిగింది. ఇచ్చేముందు నకళ్ళు తీయించండి. టిక్కెట్టు కాగానే ఫోనుకొచ్చే లింకులో నామినీ పేరు కూడా నింపండి. మీ వారు నింపారో లేదో ఈ పూటే అడగండి.