మద్యము మానినవాని నొప్పి



మద్యపానము వలని అనర్థములను గూర్చి మీరు ఎన్నో ఉపన్యాసములు వినియుందురు. నేడు మేము చెప్పదలచినది ఆ తరువాతి సంగతి. త్రాగుడు మానిన మనిషి మరునాడు లేచునప్పటికి నడుము నొప్పి అట్లే యుండును. తాటిచెట్టు మీదినుండి జారిపడిన గీత కార్మికుడు, ఇరువది యేండ్లు బస్తాలు మోసిన హమాలీ, వంగి నాట్లు వేసి మోకాళ్ళు అరిగిన కూలీ స్త్రీ - వీరిలో అనేకులు పగటి నొప్పిని రాత్రి గుక్కెడుతో మరచుటకు అలవాటు పడినవారే. ఆ గుక్కెడును మాన్పించితిమి. నొప్పి మాట యేమి? దీనికి ఊరు జవాబు చెప్పనిచో, అతడు మరల దుకాణమునకే పోవును. లేదా మందుల అంగడికి పోయి మరియొక వ్యసనమును కొని తెచ్చుకొనును.

"వీనికి నొప్పి లేదు, త్రాగుటకు సాకు" అను మాట మన రచ్చబండల వద్ద తరచు వినబడుచుండును. అది చాలవరకు అన్యాయమైన మాట. మద్యము కొన్ని గంటలు నొప్పిని మొద్దుబార్చుట నిజమే. కాని దాని ప్రభావము దిగునప్పుడు నరములు మునుపటికంటె ఎక్కువ చురుకగును, నిద్ర చెడును, నొప్పి పెరిగినట్లు తోచును. ఏండ్ల తరబడి త్రాగినవారికి నరములు దెబ్బతిని అరికాళ్ళు మండుట, తుంటి ఎముకకు రక్తప్రసారము తగ్గి అది క్షీణించుట కూడ కలవు. కావున మానిన తొలి వారములలో అతడు మూలిగినచో, నటన యని కొట్టివేయక వైద్యునికి చూపింపవలెను.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన ఉద్యమము 1993 అక్టోబరులో సారా నిషేధమునకు దారితీసినది. నేటికిని కొన్ని గ్రామములు తమంతట తామే అమ్మకములను కట్టడి చేయుచున్నవి. అది మెచ్చదగినదే. అయితే దినదినము విపరీతముగా త్రాగువాడు ఒక్కసారిగా మానినచో ఆరు గంటలు మొదలు చేతులు వణకును. మొదటి రెండు దినములలో మూర్ఛలు రావచ్చును. రెండు మొదలు నాలుగు దినముల లోపల మతి తప్పి ప్రాణాపాయము కలుగవచ్చును. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు, అందులో కలిపిన మత్తుమందులకు అలవాటు పడినవారు వందల సంఖ్యలో ఆసుపత్రులపాలైరి. కనుక కట్టడి చేయు తేదీని ముందుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునికి తెలుపవలెను. ఇంటిలో కట్టివేసి మాన్పించుట మాత్రము ఎవరును చేయరాదు. నీరసమునకు గ్లూకోజు సీసా ఎక్కించుట మన పల్లెలలో పరిపాటి. చిరకాలము త్రాగినవానికి బి-1 విటమిను ఇయ్యక గ్లూకోజు ఎక్కించినచో మెదడునకు హాని కలుగవచ్చును.

ఇక బిళ్ళల సంగతి. ఇచ్చటనే ఎక్కువ ప్రమాదమున్నది. పారసిటమాల్ సాధారణముగా మేలైనదే. కాని త్రాగుడు వలన కాలేయము దెబ్బతినియుండవచ్చును గనుక, అట్టివారికి వైద్యులు దినమునకు 2 గ్రాములను మించనీయరు. 650 మిల్లీగ్రాముల బిళ్ళలు మూడు వేసికొన్నచో ఆ హద్దు వచ్చినట్లే. ఒంటినొప్పుల కని అంగడిలో ఇచ్చు జోడు బిళ్ళలలోను, జలుబు బిళ్ళలలోను ఇదే మందు దాగియుండును, వాటినికూడ లెక్కింపవలెను. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ అనునవి త్రాగినవాని కడుపులో పుండ్లు పుట్టించి రక్తము కార్పించగలవు. కాలేయము చెడినవారి మూత్రపిండములను సైతము దెబ్బతీయగలవు. మలము తారువలె నల్లబడినను, వాంతిలో రక్తము కనబడినను తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి చేర్పవలెను. పేరు చెప్పని సూదిమందుతో ఒక్క పూటలో నొప్పి మాయమైనచో, అది స్టెరాయిడ్ కావచ్చునని అనుమానింపవలెను.

అన్నింటికంటె జాగ్రత్త పడవలసినవి ట్రమడాల్, నిద్ర బిళ్ళలు. ట్రమడాల్ అలవాటుగా మారును, మూర్ఛలు తెప్పింపగలదు. అందువలననే 2018లో దానిని మాదక ద్రవ్యముల చట్టము క్రిందికి తెచ్చినారు. ఆల్ప్రజోలం, డైజిపామ్ మెదడుపై దాదాపు మద్యమువలెనే పనిచేయును. మాన్పించు కొద్ది దినములలో వైద్యుడు లెక్కగా ఇచ్చి క్రమముగా తగ్గించు మందు వేరు, నొప్పికని నెలల తరబడి కొని మ్రింగుట వేరు. వీటిపై మద్యము కూడ పడినచో ఊపిరి ఆగి చనిపోవచ్చును. త్రాగుడు మాన్పుటకు నాల్ట్రెక్సోన్ వాడుచున్నవారు ఆ సంగతి ప్రతి వైద్యునికి చెప్పితీరవలెను. అది శరీరములో నుండగా నల్లమందు జాతి నొప్పిమందులు సరిగా పనిచేయవు, పనిచేయించుటకు మోతాదు పెంచుట ప్రాణాంతకము.

మరి ఉపశమన మెట్లు? మూడు నెలలు దాటిన నొప్పిని ఒక్క బిళ్ళతో తుడిచివేయుట సాధ్యము కాదు. దానిని తగ్గించి పని చేసికొనగలుగుటయే లక్ష్యము. నడుము నొప్పికి నెలల తరబడి మంచము పట్టుట మందు కాదు. దినమునకు పది నిముషముల నడకతో మొదలిడి వారము వారము పెంచుట, వేడినీటి కాపడము, పై పూత మందు, నడుము తొడల కండరములు బలపడు వ్యాయామములు - వీటితో చాలమందికి మేలగును. ఫిజియోథెరపిస్టు ఒకసారి నేర్పినచో ఇంటివద్దనే చేసికొనవచ్చును. మంట పుట్టించు నరముల నొప్పికి వేరు మందులు కలవు. అవి వైద్యుడు ఎంచవలసినవి. త్రాగుడు మాని మంచి తిండి, విటమినులు తీసికొన్నచో అరికాళ్ళ మంట కొందరికి కొన్ని నెలలలో తగ్గును.

పంచాయతీ చేయదగిన పని యిది. మానినవానికి ఒక్క వైద్యుడు, ఒక్క చీటీ ఉండునట్లు ఆశా కార్యకర్తతో మాట్లాడుడు. చీటీపై అతని పాత అలవాటును దాచక వ్రాయింపుడు. ఆ కాగితము ఊరంతయు తిరుగరాదు. బిళ్ళలు ఇంటిలో మరియొకరి చేతిలో ఉండుట మేలు. బస్తాలు మోయలేనివానికి కాపలా పని, నీటి ట్యాంకు చూచు పని వంటివి దొరకునేమో విచారింపుడు. ఆర్.ఎం.పి. వైద్యుని, మందుల దుకాణదారుని పిలిచి, ట్రమడాల్, నిద్ర బిళ్ళలు చీటీ లేక అమ్మరాదని సభలో చెప్పుడు. వ్యసన విముక్తికి 14446, మానసిక సహాయమునకు 14416 అను ఉచిత ఫోను నంబర్లు ఉన్నవి. వీటిని పంచాయతీ కార్యాలయపు గోడపై, వీధిలో నుండి చదువుటకు వీలుగా పెద్ద అక్షరములతో వ్రాయింపుడు; ఖర్చు ఒక్క డబ్బా రంగునకు మించదు.