సేవా విద్యకు అప్పు ఎంతవరకు?

(అనకాపల్లిలో తల్లిదండ్రుల, విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





డిగ్రీ ఫలితాలు వెలువడిన ప్రతిసారీ మన ఇళ్లలో ఒక చర్చ మొదలవుతుంది. తండ్రి బెల్లం మార్కెట్లో కలాసీ, తల్లి ఇంటి వద్ద కుట్టుపని చేస్తుంది. బిడ్డ ఎం.ఎస్‌.డబ్ల్యు. చదివి సమాజానికి సేవ చేస్తానంటుంది. ఆమె సంకల్పం గొప్పదే. అయితే ఆ చదువుకు చేసే అప్పును ఆ చదువు తెచ్చే జీతం తీర్చగలదా అన్నది నేడు మనం నిజాయితీగా ఆలోచించవలసిన విషయం.

ఈ విద్య అవసరం గురించి మాకు సందేహం లేదు. ఇరవై ఏళ్లు దాటిన ముస్లిములలో పట్టభద్రులు, డిప్లొమాదారులు నాలుగు శాతం కూడా లేరని 2006లో సచార్ కమిటీ నివేదిక తెలిపింది. పింఛను దరఖాస్తు నింపలేని వితంతువు, బడి మానేసిన బాలుడు, గృహహింసను ఎవరికీ చెప్పుకోలేని ఇల్లాలు మన వీధుల్లోనే ఉన్నారు. వారి భాషలో వారితో మాట్లాడగల శిక్షితులు మనకు కావాలి.

ఉద్యోగాలూ లేకపోలేదు. బాలల పరిరక్షణ విభాగాలు, సఖి కేంద్రాలు, ఆసుపత్రుల కౌన్సెలింగ్ విభాగాలు, స్వచ్ఛంద సంస్థలు ఈ పట్టభద్రులను తీసుకుంటాయి. మన జిల్లాలోనే అచ్యుతాపురం, పరవాడ పారిశ్రామిక ప్రాంతాలున్నాయి. పెద్ద కర్మాగారాల్లో సంక్షేమ అధికారి ఉండాలన్న నిబంధన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుండే ఉంది. అయితే ప్రభుత్వ పథకాల్లోని కొలువులు చాలావరకు కాంట్రాక్టువి. స్వచ్ఛంద సంస్థల్లో ప్రాజెక్టు ముగిస్తే ఉద్యోగమూ ముగుస్తుంది. ఈ సంగతి చేరకముందే తెలుసుకోవాలి.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ఉదాహరణకు ప్రైవేటు కళాశాల ఫీజు, హాస్టలు కలిపి మూడు లక్షల రూపాయలు రెండేళ్లలో సగం సగంగా అప్పు తీసుకున్నామనుకోండి. వడ్డీ ఏడాదికి 11 శాతం. చదివినంత కాలం, ఆపై ఒక సంవత్సరం వాయిదా కట్టనక్కరలేదు. కానీ వడ్డీ ఆగదు. కట్టడం మొదలుపెట్టేనాటికి అప్పు 3,82,500 అవుతుంది. ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 6,550 రూపాయలు. మొత్తం కట్టేది సుమారు 5,50,000. తొలి జీతం 15,000 అయితే నెలనెలా అందులో 44 శాతం బ్యాంకుకే పోతుంది. మిగిలినదానితో గది అద్దె, బస్సు ఛార్జీ, ఇంటికి పంపవలసిన సొమ్ము గడవాలి.

అదే విద్యార్థిని విశాఖలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో సీటు సాధించి, అనకాపల్లి నుండి రోజూ రైల్లోనో బస్సులోనో వెళ్లివస్తూ 60,000 అప్పుతో సరిపెట్టుకోగలిగితే, అదే లెక్కన వాయిదా 1,310 రూపాయలు. పట్టా ఒకటే, బరువు ఐదో వంతు. కాబట్టి తొలి జీతంలో పదో వంతుకు మించి వాయిదా పడే అప్పు ఈ చదువుకు వద్దన్నది మా సలహా. ప్రవేశ పరీక్షకు మరో ఏడాది సిద్ధం కావలసి వచ్చినా అది నష్టం కాదు.

చేరబోయే కళాశాలకు ఫీజు చెల్లింపు పథకం వర్తిస్తుందో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. 2020 డిసెంబరులో వెలువడిన 77వ జీవో ప్రైవేటు కళాశాలల పీజీ విద్యార్థులను ఆ పథకం నుండి తప్పించింది. ఎందరో తల్లిదండ్రులకు ఆ దెబ్బ తగిలింది. 1994లో ఏర్పడిన జాతీయ మైనారిటీల అభివృద్ధి ఆర్థిక సంస్థ రాష్ట్ర సంస్థల ద్వారా బ్యాంకులకంటే తక్కువ వడ్డీకి విద్యారుణాలు ఇస్తుంది. బ్యాంకుకు వెళ్లేముందు ఆ ద్వారమూ తట్టండి.

ఇక మన మనస్సాక్షికి సంబంధించిన మాట. వడ్డీ హరామని నమ్మే ఇంట్లో ఆ రుణపత్రంపై సంతకం తేలికగా పడదు. ఆ తండ్రిని మనం తప్పుపట్టలేము. కానీ వడ్డీ అప్పు వద్దని ఆ బిడ్డకు చెప్పి, ఆ తర్వాత చేతులు కట్టుకుని కూర్చోవడం కూడా న్యాయం కాదు. జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో రుణగ్రస్తులూ ఉన్నారు. ఇబ్బందిలో ఉన్నవారికి గడువివ్వమని, అప్పును రాసుకోమని అల్ బఖరా సూరా బోధిస్తోంది. ఈ బోధనల వెలుగులో మన మసీదు కమిటీలు ఖర్జె హసనా నిధి ఏర్పరచాలి. ఏడాదికి ఇద్దరు విద్యార్థులకైనా వడ్డీలేని అప్పు లిఖిత ఒప్పందంతో ఇవ్వాలి. వారు తిరిగి కట్టే సొమ్ముతో మరో ఇద్దరు చదువుతారు.

ప్రభుత్వాన్ని అడగవలసిందీ ఉంది. పరిశోధక విద్యార్థులను ఆదుకున్న మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022లో నిలిపివేశారు. దాన్ని పునరుద్ధరించాలని, కాంట్రాక్టు సామాజిక కార్యకర్తలకు గౌరవప్రదమైన వేతనం ఇవ్వాలని మనం కోరుతూనే ఉండాలి. అది దయ కాదు, హక్కు.

ఇతరుల కన్నీరు తుడవడానికి బయలుదేరిన బిడ్డ తానే అప్పుల్లో కన్నీరు పెట్టకూడదు. ఆమె సేవ మనందరికీ కావాలి గనుక ఆమె చదువు ఖర్చులో మనందరికీ వాటా ఉంది. అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధిని, స్తోమతను ప్రసాదించుగాక. ఆమీన్.