ముఖంలో ఏ ఎక్స్‌ప్రెషనూ పెట్టని శిల్పి: స్టెఫాన్ బాల్కెన్‌హోల్



ఈ ఎపిసోడ్‌కి నేను ముందు అనుకున్న టైటిల్ వేరే. 'ఈ చెక్కబొమ్మల్లో ఏముందండీ?' అని పెట్టి, మోడరన్ ఆర్ట్ మీద ఒక పది నిమిషాలు జోకులు వేద్దామనుకున్నా. థంబ్‌నెయిల్ కూడా రెడీ. నేను నోరు తెరిచి, కళ్లు పెద్దవి చేసుకుని, పక్కన ఒక చెక్కబొమ్మ. ఈలోపు మా ఇంట్లో ఒక సంగతి జరిగింది. ముందు అది చెప్తా.

మా తాతయ్యది ఒకే ఒక్క ఫోటో ఉంది. స్టూడియోలో తీసిన బ్లాక్ అండ్ వైట్ ఫోటో. తెల్ల చొక్కా, చేతులు మోకాళ్ల మీద, నవ్వు లేదు. నేను చూసింది కూడా ఆ ఫోటోలోనే, నేను పుట్టేసరికే ఆయన లేరు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసినా ఆ బుద్ధి పోదు కదా, ఒక ఏఐ యాప్‌లో ఆ ఫోటో వేసి తాతయ్యని నవ్వించా. తల తిప్పి, నవ్వి, కళ్లార్పుతున్నారు. భలే వచ్చిందనిపించింది. తీసుకెళ్లి నానమ్మకి చూపించా.

నానమ్మ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చూసింది. 'బాగుందిరా. కానీ ఈయన మీ తాత కాదు. ఎవరి నవ్వో తెచ్చి పెట్టావు' అని ఫోన్ చేతిలో పెట్టేసింది.

సరే, మరి అసలు ఫోటోలో ఆయన ఎలా ఉన్నారు అని ఇంట్లో అందరినీ అడిగా. నానమ్మేమో 'సిగ్గుపడుతున్నాడు' అంది. నాన్న 'కోపంగా ఉన్నారు' అన్నారు. పెదనాన్న అయితే 'ఆకలేస్తోందిరా ఆయనకి' అన్నారు. ఒకే ముఖం, మూడు జవాబులు. నా ఏఐ వీడియోలో మాత్రం ఒక్కటే జవాబు, నవ్వు.

ఆ రాత్రి మళ్లీ బాల్కెన్‌హోల్ బొమ్మలు చూశా. జోకులు రాలేదు.

ఎవరీయన? స్టెఫాన్ బాల్కెన్‌హోల్, జర్మనీ శిల్పి. 1957లో ఫ్రిట్స్‌లార్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. కాసెల్ నగరానికి దగ్గర. ఆ ఊరికి చెక్కతో ఒక పాత సంబంధం ఉంది. 8వ శతాబ్దంలో బోనిఫేస్ అనే క్రైస్తవ సన్యాసి ఆ చుట్టుపక్కలే జనం పూజించే ఓక్ చెట్టుని నరికి, ఆ కలపతోనే ప్రార్థనా మందిరం కట్టాడని కథ. అక్కడ పుట్టినాయన జీవితమంతా ఎక్కువగా చెక్కతోనే పని చేస్తున్నారు.

1976లో హాంబుర్గ్ ఆర్ట్ కాలేజీలో చేరారు. గురువు ఉల్రిచ్ రూక్‌రీమ్. ఈయన పెద్ద పెద్ద రాతి దిమ్మల్ని చీల్చి, మళ్లీ అలాగే పేర్చి పెట్టే శిల్పి. మనిషి బొమ్మ అనేదే ఉండదు. అప్పటి గాలి అది. మనిషి బొమ్మ చెక్కడమంటే పాతకాలపు పని. పైగా జర్మనీలో హిట్లర్ కాలపు కండలు తిరిగిన వీరుల విగ్రహాలు చూసి జనం విసిగిపోయి ఉన్నారు. శిష్యుడు మాత్రం మళ్లీ మనిషి దగ్గరికే వచ్చాడు. వీరుడి దగ్గరికి కాదు, మామూలు మనిషి దగ్గరికి.

ఇప్పుడు స్క్రీన్ మీద చూడండి. నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, చేతులు కిందికి. మెడలో ఒక ఐడీ కార్డు వేస్తే మన ఆఫీసు బస్సు కోసం నిలబడ్డవాడే. ముఖంలో నవ్వు లేదు, ఏడుపు లేదు. అలాగని ఖాళీ ముఖం కూడా కాదు, ఏదో ఆలోచిస్తున్నట్టే ఉంటుంది.

ఆయన పని చేసే పద్ధతి చూడండి. ఒక దుంగ తీసుకుంటారు. ఎక్కువగా వావా అనే ఆఫ్రికా చెక్క, మెత్తగా ఉంటుంది. రంపం, సుత్తి, ఉలి. మనిషీ, కింద దిమ్మె, రెండూ ఒకే దుంగలోంచి వస్తాయి. పని అయ్యాక ఉప్పుకాగితం పెట్టి నున్నగా రుద్దరు. ఉలి దెబ్బలు అలాగే కనిపిస్తాయి, పేళ్లు లేచి ఉంటాయి, చెక్క ఆరి పగిలితే ఆ పగులూ ఉంటుంది. చాలాసార్లు చర్మానికి రంగు కూడా వేయరు, చెక్క రంగే ఒంటి రంగు. దూరం నుంచి మనిషి, దగ్గరికెళ్తే మొద్దు. రెండూ ఒకేసారి.

ఫ్రాంక్‌ఫర్ట్ మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో ఆయన 1991లో చేసిన 57 పెంగ్విన్లు ఉన్నాయి. ఒక్కోటీ తన దిమ్మె మీద, ఒక్కోటీ విడిగా చెక్కినదే. తర్వాతి ఏడాది లండన్‌లో థేమ్స్ నది మీద తేలే బోయా మీద ఒక మనిషి బొమ్మ నిలబెట్టారు. నిజంగా మనిషే ఉన్నాడని కంగారుపడిన వాళ్లున్నారు.

ఇక చర్చి సంగతి. దీనికోసమే ఈ ఎపిసోడ్.

కాసెల్‌లో అయిదేళ్లకోసారి డాక్యుమెంటా అని ప్రపంచంలోనే పెద్ద ఆర్ట్ ఎగ్జిబిషన్ జరుగుతుంది. 2012లో 13వది. అది జరిగే మైదానం పక్కనే సెయింట్ ఎలిజబెత్ కాథలిక్ చర్చి ఉంది, యుద్ధం తర్వాత కట్టింది. చర్చి వాళ్లు సొంతంగా బాల్కెన్‌హోల్‌ని పిలిచారు. లోపల ఆయన శిల్పాలు పెట్టారు, పైన గంట గోపురంలో ఒక మనిషి. నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, చేతులు రెండు పక్కలకి చాచి, బంగారు రంగు గోళం మీద నిలబడ్డాడు.

డాక్యుమెంటా క్యూరేటర్ కరొలిన్ క్రిస్టోవ్-బకార్గియెవ్‌కి అది నచ్చలేదు. తీసేయమన్నారు. ఆ బొమ్మ వల్ల ఆమెకి బెదిరింపులా అనిపిస్తోందని డాక్యుమెంటా తరఫున చెప్పారు. పేపర్లలో పెద్ద గొడవ. మా చర్చి, మా గోపురం అని వీళ్లు తీయలేదు.

ఆమె వైపు నుంచి కూడా చూద్దాం. ఆ ఏడాది ఆమె షో ఆలోచనే మనిషిని మధ్యలోంచి కొంచెం పక్కకి జరిపి, జంతువులకీ మొక్కలకీ చోటివ్వడం. అంత కష్టపడి అది కడితే, తలెత్తగానే భూగోళం లాంటిదాని మీద ఒక మగాడు! చిరాకు రాదా? ఎవరైనా చూసి ఇది కూడా డాక్యుమెంటాదే అనుకుంటారు. ఆ కోపం నాకు అర్థమైంది. కానీ పక్కింటి గోపురం మీద ఏముండాలో మనం చెప్పకూడదు కదా. నా ఓటు చర్చికే.

చర్చిలో బొమ్మలకి ఒక లెక్క ఉంటుంది. చేతిలో తాళంచెవులుంటే పీటర్. రొట్టెలో గులాబీలో ఉంటే ఎలిజబెత్, ఆ చర్చి పేరు ఆమెదే. గుర్తు చూడగానే ఎవరో తెలిసిపోతుంది. ఈ గోపురం మనిషి చేతుల్లో ఏమీ లేదు. చాచిన చేతులు చూస్తే ఒకరికి సిలువ గుర్తొస్తుంది, ఒకరికి పడిపోకుండా బ్యాలెన్స్ చేస్తున్నట్టుంటుంది, ఒకరికి దూకేస్తాడేమో అని భయం. క్యూరేటర్‌కి బెదిరింపు. మా తాతయ్య ఫోటోలాగే.

2023 నవంబర్‌లో ఆ చర్చి పైకప్పు కూలిపోయింది. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు.

ఫేమస్ మనిషిని చేయమంటే ఈయన ఏం చేస్తారు? లైప్‌జిగ్‌లో సంగీతకారుడు వాగ్నర్ పుట్టి 200 ఏళ్లయిన సందర్భంగా, 2013లో విగ్రహం పెట్టారు. వంద ఏళ్ల కిందట మాక్స్ క్లింగర్ అనే శిల్పి మొదలుపెట్టి పూర్తి చేయకుండానే చనిపోతే, దిమ్మె, మెట్లు మాత్రం మిగిలాయి. బాల్కెన్‌హోల్ దాని మీద కుర్ర వాగ్నర్‌ని మామూలు మనిషి సైజులో నిలబెట్టారు. వెనకాల క్లింగర్ అనుకున్న భారీ వాగ్నర్ ఆకారం, నల్లటి నీడలా. వాగ్నర్ సంగీతం గొప్పది, యూదుల మీద రాసిన రాతలు విషం. ఆ నీడ దేనిదో మీరే తేల్చుకోవాలి. ఆయన చెప్పరు.

మన పని దీనికి పూర్తి రివర్స్. నేను థంబ్‌నెయిల్‌లో నోరు తెరిచేది మీరు ఎలా ఫీలవ్వాలో ముందే చెప్పడానికి. క్లిక్ వస్తుంది, అబద్ధం చెప్పను. ఈ ఎపిసోడ్‌కి మాత్రం మామూలు ముఖమే పెట్టా. వ్యూస్ తగ్గితే మీ దయ.

ఆ ఏఐ వీడియో డిలీట్ చేశా. అసలు ఫోటో స్కాన్ చేసి, ఏ ఫిల్టరూ వేయకుండా నానమ్మకి ప్రింట్ తీసిచ్చా. 'ఇదిగో, ఇప్పుడు మీ తాతలా ఉన్నాడు' అంది.

మీ ఇంట్లో కూడా అలాంటి పాత ఫోటో ఒకటి ఉంటుంది. ఇద్దరు ముగ్గురికి చూపించి, ఈయన ఏమనుకుంటున్నారు అని అడగండి. ఏం చెప్పారో కింద కామెంట్‌లో రాయండి, అన్నీ చదువుతా. ఉంటానండీ.