వినికిడి తగ్గిన బిడ్డ - కొత్త తరగతి

వేసవి సెలవులు ముగియుచున్నవి. జూన్ నెలలో మన బడులు మరల తెరచెదరు. ఇంటింటను పుస్తకములకు అట్టలు వేయుచున్నారు. వినికిడి తగ్గిన బిడ్డ యున్న యింట మాత్రము అట్టలతో పని తీరదు. అచట ముందుగా చేసికొనవలసిన యేర్పాట్లను గూర్చి యీ పూట ముచ్చటింతము.

చెవికి యంత్రము పెట్టితిమి గదా, ఇక అన్నియు వినబడునని చాలమంది తలంతురు. కంటికి అద్దములు చేయు మేలును చెవికి యంత్రము పూర్తిగా చేయజాలదు. అది గురువుగారి స్వరముతో పాటు పంకా చప్పుడును, బల్లలు జరుపు రొదను గూడ పెంచును. గురువు దూరమైన కొలది ఆ స్వరము రొదలో కలిసిపోవును. ఆ కొరతను బిడ్డ పెదవుల కదలికను చూచి పూరించుకొనును. అద్దము ముందు నిలిచి ‘పాట, బాట, మాట’ అని గొంతెత్తక పలికి చూడుడు. మూడింటికిని పెదవులు ఒక్క తీరుననే కదలును. అది యే మాటయో బిడ్డ సందర్భమును బట్టి ఊహింపవలసినదే.

తెలిసిన మాటను ఊహించుట సులభము. ఎన్నడును ఎరుగని మాటను ఊహించుట యెట్లు? కావున తొలి పాఠములను బడి తెరువక మునుపే ఇంట చదివించుడు. కొత్త మాటలకు బొమ్మనో వస్తువునో చూపి అర్థము చెప్పుడు. దోసెను నాలుగు సమభాగములు చేసి చూపిన తల్లి భిన్నముల పాఠమునకు దారి వేసినట్లే.

పిమ్మట యంత్రము. బిడ్డ యెదుగుచుండగా చెవియు నెదుగును. చెవిలో నమర్చిన అచ్చు వదులై యంత్రము ఈలవేయును. అట్లయిన కొత్త అచ్చు తీయించుడు. వానకాలపు చెమ్మ యంత్రమునకు శత్రువు; రాత్రివేళ చెమ్మ పీల్చు గుళికలున్న డబ్బాలో నుంచుడు. సంచిలో అదనపు బ్యాటరీలుండవలెను. వానిని పసిపిల్లలు మ్రింగినచో ప్రాణాపాయము, జాగ్రత్త.

బడి తెరచిన తొలి దినముననే గురువుగారిని కలిసికొని నాలుగు మాటలు మనవి చేయుడు: బిడ్డను ముందు వరుసలో, పంకాకును వాకిలికిని దూరముగా కూర్చుండబెట్టవలెను; నల్లబల్ల వైపు తిరిగి మాటలాడరాదు; ముఖముపై వెలుతురు పడునట్లు నిలువవలెను; అరవనక్కరలేదు, అరచినచో పెదవుల తీరు మారిపోవును.

మేము ముఖ్యముగా హెచ్చరింప గోరునది మరియొకటి కలదు. తోటివారు నవ్వుదురను భయమున ఇట్టి పిల్లలు అర్థము కాకున్నను తల యూపుదురు. అర్థమైనదని గురువు ముందుకు సాగును. ఇట్లు ఏడాది గడచిన పిదప, వినబడని బిడ్డకు మందమతి యను పేరు పడును. ఆ పేరు ఒకసారి పడిన తుడిచివేయుట కష్టము. కనుక ‘వినబడలేదండీ, మరల చెప్పండి’ అను వాక్యమును ఇంటనే అభ్యాసము చేయింపుడు. ఇంటిలో అట్లడిగినప్పుడు విసుగుకొనకుడు. ఇంట విసుగు చూచిన బిడ్డ బడిలో నోరు విప్పదు.

దినమంతయు చెవులు రిక్కించి, పెదవులు కనిపెట్టి చూచి బిడ్డ అలసిపోవును. సాయంకాలము బడినుండి రాగానే పుస్తకము ముందు కూర్చుండబెట్టక, కొంతసేపు ఆడుకొననిండు.

ఇది యెవరి దయయు కాదు. వైకల్యము 40 శాతమునకు తక్కువ కాని పిల్లలకు, 6 ఏండ్లు మొదలు 18 ఏండ్ల వరకు, ఇరుగు బడిలోగాని తాము కోరిన ప్రత్యేక పాఠశాలలోగాని ఉచితముగా చదువుకొను హక్కును 2016 నాటి చట్టము కల్పించినది. మన రెండు తెలుగు రాష్ట్రములందును మండలములలో ‘భవిత’ కేంద్రములు ఇట్టి పిల్లలకై యేర్పడినవి. విచారించి వాని సాయము పొందుడు.

బడి తెరచుటకు ఇంకను కొన్ని దినములున్నవి. ఈ రాత్రియే యంత్రమును, అచ్చును పరీక్షించి చూడుడు. రేపటినుండి దినమునకు నాలుగు కొత్త మాటలు చెప్పుడు.