వర్తకులును మూగజీవులును
(వర్తకుల సభలో చేసిన యుపన్యాసము)



సంక్రాంతి మరునాడు కనుమ. ఆనాడు తెలుగు రైతు పశువులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టి మ్రొక్కును. తనకు కూడు పెట్టిన జీవమునకు ఏడాది కొక్కనాడైనను నమస్కరించుట గర్వింపదగిన యాచారమే. కాని నేను మీతో ముచ్చటింపదలచినది కనుమనాటి సంగతి కాదు. తక్కిన 364 దినముల సంగతి.

వర్తకులలో దాతలకు కొదువ లేదు. పర్వదినమున గోశాలకు గ్రాసము పంపువారు కలరు. పెద్దల తిథినాడు పశువులకు పచ్చిక వేయించువారు కలరు. క్రొత్త దుకాణము తెరచునప్పుడు విరాళము ప్రకటించి ఫొటో తీయించుకొనువారును కలరు. అయితే పశువు ఆకలి పంచాంగము చూచి రాదు. పెద్ద పశువునకు దినమునకు 30, 40 లీటర్ల నీరు కావలెను. ఎండకాలమున నంతకంటె నెక్కువ. పండుగనాడు వచ్చిన గడ్డి ఆ నెల గడవకమునుపే యైపోవును. జ్యేష్ఠమాసమున గడ్డి ప్రియమైనప్పుడు దాత కనబడడు. పశుశరణాలయము నడుపువాడు మనలనుండి కోరునది పెద్ద విరాళముకంటె తప్పని విరాళము. ఎంత వచ్చునో ముందుగా తెలిసిననే గదా, వాడు వైద్యునకు జీతమీయగలుగును, వేసవికి మేత కొని దాచగలుగును!

ఈ మార్గము మన దేశపు వర్తకులకు క్రొత్తది కాదు. 1832లో బొంబాయిలో అప్పటి ప్రభుత్వము వీధికుక్కలను చంపింప బూనగా ప్రజలు తిరుగబడిరి, అంగళ్లు మూతపడెను. రెండేండ్లకు, 1834లో, సర్ జంషెడ్జీ జీజీభాయి మొదలగు వర్తక ప్రముఖులు అచ్చట పింజ్రాపోల్ అను పశుశరణాలయమును స్థాపించిరి. వారు చందాపట్టీతో సరిపుచ్చుకొనలేదు. ప్రత్తి మొదలగు సరకుల క్రయవిక్రయములపై తమకు తామే యొక చిన్న పన్ను విధించుకొని, దానిని శరణాలయమునకు చెల్లించిరి. సర్కారు అడుగలేదు, శాసనము నిర్బంధింపలేదు. సరకు కదలినకొలది పశువులకు దాణా కదలినది. అందుచేతనే ఆ సంస్థ దాతల మనోభావముల నాశ్రయింపక నిలిచినది, నేటికిని నిలిచియున్నది.

మన చిట్టా ఆవర్జాలలోను ధర్మాదా యను పద్దు పూర్వమునుండి కలదు. 1979లో బిజిలీ కాటన్ మిల్సు వ్యాజ్యెమున సుప్రీంకోర్టు, ధర్మాదా పేర వేరుగా వసూలు చేసిన సొమ్ము వర్తకుని యాదాయము కాదనియు, అది ధర్మమునకే చెందవలసినదనియు తీర్పు చెప్పినది. ఆ పద్దులో మూగజీవుల కొక భాగము నేర్పరుపుడని నా కోరిక. దినమునకు నూరు బస్తాలు అమ్మువాడు బస్తాకొక రూపాయి తీసిపెట్టినచో 300 దినములకు 30,000 రూపాయలగును. అట్టివారు పదిమంది కూడినచో మూడులక్షలు. ఇందువలన ఎవని వ్యాపారము చెడును? ఎవని లాభము తరుగును?

పెద్ద కంపెనీల విషయమున శాసనమే దారి చూపినది. 500 కోట్ల రూపాయల నికరవిలువ గాని, 1,000 కోట్ల టర్నోవరు గాని, 5 కోట్ల నికరలాభము గాని గల కంపెనీ, తన గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండువంతులు సమాజశ్రేయస్సునకు వెచ్చింపవలెనని 2013 నాటి కంపెనీల చట్టము విధించినది. ఆ సొమ్ముతో చేయదగిన పనుల పట్టికలో జంతుసంక్షేమమును స్పష్టముగా పేర్కొనినది. బడికి గది కట్టించినచో గోడమీద పేరుండును. గాయపడిన గాడిదకు కట్టు కట్టించినచో పేరుండదు. కావున ఈ పద్దు డైరెక్టర్ల సభలలో మరుగున పడుట సులభము. దానిని వెలికి తెచ్చు బాధ్యత మీలో ఆ సభలలో కూర్చుండువారిది.

అయితే ధనమిచ్చినంత మాత్రమున ఋణము తీరదు. ఒకచేత దాణా పెట్టి రెండవచేత గొంతు నులుముట ధర్మము కాదు. చందా వ్రాయుటకు ముందు ప్రతివర్తకుడును తన వ్యాపారము వలన ఏ జీవమునకు ఏ హాని కలుగుచున్నదో లెక్క చూచుకొనవలెను.

మొదటిది బరువు. మన మార్కెట్టులలో లారీలును ఆటోలును హెచ్చినమాట నిజమే. అయినను ఎడ్లబండ్లు పూర్తిగా పోలేదు. ఇసుకకు, ఇటుకలకు గాడిదలను వాడుట మానలేదు. 1965 నాటి నిబంధనలు గాడిదవీపున 50 కిలోలకు మించి మోపరాదన్నవి. బరువులాగు పశువును దినమునకు తొమ్మిది గంటలకు మించియు, నడుమ విరామములేక అయిదు గంటలకు మించియు పనిచేయింపరాదన్నవి. వేడిమి 37 డిగ్రీలు దాటుచోట మధ్యాహ్నము 12 మొదలు 3 గంటలవరకు బండి కట్టరాదన్నవి. మన సీమలో వేసవి దినములలో ఎన్నిటికి ఈ నియమము వర్తించునో మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ నియమము తప్పినప్పుడు పోలీసువారు పట్టుకొనునది బండివానిని. వాడు ఏల యెక్కువ మోపెను? బస్తాలెక్కన బాడుగ కట్టి, ఒక్క త్రోవలోనే సరకంతయు చేర్చుమని తొందరపెట్టినది సరకుదారుడు కాదా? ఒక మోపు రెండు మోపులైనచో రెండవదాని కూలి యెవరు భరింతురు? అది మీరే భరింపవలెను. ఉదయమున, సాయంకాలమున సరకు దించుకొను వేళలు ఏర్పరచి, న్యాయమైన బాడుగ నిచ్చి, యార్డులో నీడయు నీటితొట్టియు నుంచినచో ఎద్దుతోపాటు బండివాడును బ్రతుకును. మనుష్యులకే దిక్కు లేనప్పుడు పశువులమాట యేలయని యడుగువారికి ఇదియే నా సమాధానము. బీదవాని కన్నమును పశువునకు మేతయు ఒకే బాడుగనుండి రావలసియున్నవి. ఆ బాడుగను కోసినవాడు ఇద్దరి నోటను మన్ను కొట్టినవాడగును.

రెండవది రవాణా. ఒక లారీలో ఆరింటికి మించి పెద్ద పశువులను ఎక్కింపరాదని 1978 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. లారీల యజమానులు మీలో కలరు. తమ బండిలో మితిమీరి యెక్కింపబోమని వారు ఖండితముగా చెప్పినచో, పది చెక్కుపోస్టులు చేయలేనిపని జరుగును. చట్టమువలన కలుగు భయ మెంతటిదో చూడుడు: జంతుహింసా నివారణచట్టము 1960లో తొలి నేరమునకు పెట్టిన జుల్మానా పది మొదలు ఏబది రూపాయలు! అంతటి జుల్మానాకు జడిసి లాభము వదలుకొనువాడు లేడు. సాటి వర్తకుడు వేలెత్తి చూపునను సిగ్గు మాత్రము పనిచేయును.

మూడవది ప్లాస్టిక్కు. ఇది హోటళ్లవారికిని, మిఠాయి, కూరగాయల దుకాణదారులకును ముఖ్యముగా సంబంధించినది. ఆవు మేతను మొదట నమలక మ్రింగి, పిదప నెమరువేయును. మనము మిగిలిన యన్నమును సంచిలో ముడివేసి పారవైచినచో అది సంచితోకూడ మ్రింగును. ఆ సంచి అరుగదు, వెలికి రాదు; కడుపులో పేరుకొని ముద్దకట్టును. చూచువారికి పొట్ట నిండుగా కనబడును. ఆవు మాత్రము ఆకలితో కృశించి చచ్చును. పుట్టపర్తిలోని కరుణా సొసైటీవారు ఇట్టి పశువుల యుదరములను కోయించి ప్లాస్టిక్కు తీయించి, 2012లో సుప్రీంకోర్టునాశ్రయించిరి. తెలుగుగడ్డనుండి లేచిన ఆ మొర దేశమంతటి పశువుల పక్షమున లేచినది. 2022 జూలై 1 నుండి ఒక్కమారు వాడి పారవేయు ప్లాస్టిక్కు వస్తువులు పెక్కు నిషిద్ధములైనవి. నిషేధము కాగితముమీద నుండగా సంచి కౌంటరుమీద నుండుట మన కపకీర్తి. ఎంగిలిని వేరుగా, ముడిలేకుండ, మూతగల తొట్టిలో నుంచుటకు ఖర్చెంత? ఆవును గోమాతయని పిలుచుటకన్న ఈ తొట్టి నుంచుట గొప్ప పూజ.

నాలుగవది బజారుకుక్క. దానిని తరిమికొట్టుటయు తప్పే. తిండి మాత్రము వేసి యూరకుండుటయు చాలదు. సంతాననిరోధ శస్త్రచికిత్సయు, పిచ్చికుక్కవ్యాధికి టీకాయు వేయింపవలెనని 2001లోను, తిరిగి 2023లోను చేసిన నిబంధనలు చెప్పుచున్నవి. ఒక్కొక్క బజారు సంఘము తన వీధిలోని కుక్కలకు, పురపాలకసంఘముతోను, హైదరాబాదు బ్లూక్రాసు, విశాఖ ఎస్.పి.సి.ఎ. వంటి సంస్థలతోను కూడి ఈ పని చేయించినచో కుక్కకును క్షేమము. సరకుకొన వచ్చు బిడ్డకును క్షేమము.

ఇక ఋతువున కొక పని. వేసవిలో మనుష్యులకు చలివేంద్రము పెట్టినచోటనే పశువులకొక తొట్టియు, పక్షులకొక మూకుడును ఉంచుడు. వానకాలమున పశువైద్యుని పిలిపించి టీకాలు వేయింపుడు. దీపావళికి పెనుశబ్దముల బాణసంచా తెప్పింపకుడు. సంక్రాంతికి నైలాను మాంజా అమ్మకుడు. దానిని 2017లో జాతీయ హరిత న్యాయస్థానము నిషేధించినది. పక్షి రెక్కలను తెగకోయు ఆ దారము లాభమెంత తెచ్చినను పాపపు సరకే.

జీవులయెడ దయగలిగియుండుట పౌరుని ప్రాథమిక విధియని మన రాజ్యాంగము 51ఎ అధికరణమున చెప్పుచున్నది. ఆ మాట 1976లో చేరినది. పరుల పాలనలో బొంబాయి వర్తకులు ఎవరి యాజ్ఞయు లేక చేసినపనిని, స్వరాజ్యములో రాజ్యాంగము చెప్పినను మనము చేయలేమా?

మీరు తూకమెరిగినవారు. గింజ తక్కువైన ముల్లు చూపును. పద్దు తప్పిన రాత్రి నిద్రపట్టదు. ఈ నైపుణ్యమునే మూగజీవుల విషయమున చూపుడని నా విన్నపము. ఈ సభ ముగియకమునుపే మూడు తీర్మానములు చేయుడు: ధర్మాదాలో స్థిరమైన భాగము, అధికభారముపై నిషేధము, ముడివేసిన యెంగిలిసంచికి స్వస్తి. ప్రతి మూడునెలలకు నొకమారు వాటి లెక్క సంఘమున చదివి వినిపింపుడు. లెక్కలో లేని దయ మరపునకు వచ్చును. లెక్కలోనికెక్కిన దయ మన తరువాత దుకాణమున కూర్చుండువారికిని అలవాటగును.