పాట రాసేవాళ్లు మీటల దగ్గర ఆగిపోవద్దు
(నడికుడి సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు పది నిమిషాలు ఇచ్చారు. హాస్టల్ వార్డెన్ కదా, క్రమశిక్షణ గురించి చెబుతుందని మీరు అనుకుని ఉంటారు. ఈరోజు దాని జోలికి పోను. మంచి పాట రాసి, రికార్డింగ్ దగ్గర ఆగిపోయిన ఒక అబ్బాయి సంగతి చెబుతాను.

అతను మా హాస్టల్లోనే చదివాడు. ఇప్పుడు డిగ్రీ. గోర్ బోలీలో రాస్తాడు, తెలుగులోనూ రాస్తాడు. వాళ్ల యాడి మిరపకోతలకు పోయి వచ్చిన రాత్రి, చేతుల మంట తగ్గక నీళ్ల బకెట్లో చేతులు పెట్టుకుని కూర్చుంటుంది. దాని మీద పాట కట్టాడు. మా వంటగది గుమ్మంలో నిలబడి పాడితే వంటామె గరిటె పక్కన పెట్టి విన్నది.

తర్వాత నాలుగు నెలలు మనిషి కనపడలేదు. కనపడ్డాక "పాట ఏమైందిరా?" అంటే, "యూట్యూబ్‌లో వచ్చేవాటిలాగా రావట్లేదు మేడమ్" అన్నాడు. ఫోన్లో యాప్ వేసుకుని రాత్రంతా బీట్లు, ఎకోలు, ఆటోట్యూన్లు తిప్పుతూ కూర్చున్నాడట. ఆ పనంటే అతనికి ఒళ్లుమంట. అయినా అది రాకపోతే పాటగాడివి కాదని ఎవరో చెప్పారు, నమ్మాడు. ఆ నాలుగు నెలల్లో ఒక్క కొత్త పాట రాయలేదు. నాకు బాధేసింది అక్కడే.

అన్ని పనులూ ఒక్కరే చేయాలని ఎక్కడుంది? 2023 మార్చిలో 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చినప్పుడు మన హాస్టల్ పిల్లలంతా గంతులేశారు. బొమ్మలు అందుకున్నది ఇద్దరు. మాటలు రాసిన చంద్రబోస్ గారు, బాణీ కట్టిన కీరవాణి గారు. ఆ బహుమతి పాట రాసినవాళ్లది. పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవలకు కాదు, మిక్సింగ్ చేసినవాళ్లకూ కాదు. వాళ్ల పని తక్కువని నేననడం లేదు. అది వేరే పని, వేరే మనుషులు చేశారు. అనంతపురం జిల్లా తండా నుంచి వచ్చిన మన మంగ్లీ పాడిన 'సారంగదరియా' చూడండి. సినిమాకు మాటలు రాసింది సుద్దాల అశోక్‌తేజ గారు, సంగీతం పవన్ సీహెచ్. రేడియో స్టేషన్‌లో అయితే గాజు అద్దం అవతల ఇంజనీరు ఉంటారు, ఇవతల పాడేవాళ్లు పాడతారు. పాడే మనిషిని మీటలు తిప్పమని అక్కడ ఎవరూ అడగరు.

ఇంకోటి కూడా చెప్పాలి. అమెరికాలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అనే పెద్ద గాయకుడు 1982లో ఇంట్లోనే, నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ మీద పాటలు పాడుకున్నాడు. బృందానికి వినిపించడానికి చేసుకున్న నమూనా అది. తర్వాత స్టూడియోలో వాద్యాలన్నిటితో మళ్లీ చేశారు కానీ ఆ ప్రాణం రాలేదు. చివరికి ఆ క్యాసెట్‌నే 'నెబ్రాస్కా' అనే ఆల్బంగా విడుదల చేశారు. ఆ క్యాసెట్‌ను రికార్డు మీదికి ఎక్కించడానికి ఇంజనీర్లు నానా తంటాలు పడ్డారు. ఆయన పాడాడు, తంటాలు వాళ్లు పడ్డారు.

సరే, మేమేం చేశామో చెబుతాను.

పెద్ద స్టూడియోలో వినిపించే శుభ్రత సగం గదిలోనే ఉంటుంది. ఖాళీ సిమెంటు గదిలో పాడితే గొంతు గోడలకు తగిలి తిరిగి వస్తుంది. ఒకసారి గొంతుతో కలిసి రికార్డయిన ఆ ప్రతిధ్వనిని తర్వాత విడదీయడం చాలా కష్టం. మా హాస్టల్లో సరుకుల గది ఉంది. మూడు పక్కలా బియ్యం బస్తాలు. నాలుగో పక్క దండెం కట్టి దుప్పట్లు వేలాడదీశాం. అక్కడ చప్పట్లు కొడితే శబ్దం వెంటనే చచ్చిపోతుంది. మనకు కావలసింది అదే. ఫ్యాన్ ఆపాలి, ఫ్రిజ్ ఉంటే అదీ ఆపాలి, ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి. ఇక మన నడికుడి జంక్షన్! గుంటూరు వైపుదో మాచర్ల వైపుదో, చరణం మధ్యలో కూత రానే వస్తుంది. సిమెంటు లారీలు సరేసరి. మొదటి రోజు మూడు టేకులు రైలు తినేసింది. రెండో రోజు రైళ్ల వేళలు రాసుకుని మొదలుపెట్టాం.

మైకుకు జానెడు దూరం, కాస్త పక్కగా నిలబడాలి. ఎదురుగా నిలబడితే ప, బ అక్షరాలు టప్ టప్‌మని కొడతాయి. ముందుగా పాటలో అన్నిటికన్నా గట్టిగా వచ్చే చరణం పాడి చూసుకోండి. మీటరు ఎరుపును తాకితే శబ్దం పగిలిందన్న మాట, దాన్ని తర్వాత ఎవరూ అతికించలేరు. లెవెల్ తక్కువగా ఉన్నా పర్వాలేదు, పెంచుకోవచ్చు. తాళం చెవిలో వినడానికి వైరు ఇయర్‌ఫోనే వాడండి. బ్లూటూత్ అయితే శబ్దం ఆలస్యంగా చేరి తాళం తప్పిస్తుంది. ఎకో, ఆటోట్యూన్ ఏదీ వేయకుండా పచ్చి గొంతే రికార్డు చేయాలి. నంగారా ఉంటే అది విడిగా మరో ట్రాకులో. ఫైలు వేవ్ ఫార్మాట్‌లో దాచి, డ్రైవ్ లింకుగానో డాక్యుమెంట్‌గానో పంపండి. వాయిస్ మెసేజ్‌గా పంపితే నొక్కేస్తుంది, పడ్డ కష్టమంతా పోతుంది.

మీ పని అంతే. మిగతాది ఆ పనంటే ఇష్టమున్నవాళ్లకు ఇవ్వండి. ఇచ్చేముందు వాళ్లు చేసిన రెండు మూడు పాటలు వినండి. డీజే పాటలు బాగా చేసే మనిషి మీ యాడి పాట బాగా చేస్తాడని లేదు. "బాగా చేయండి అన్నా" అంటే అతనికేం అర్థమవుతుంది? మీకు నచ్చిన పాట ఒకటి పంపి, ఇందులో గొంతు ముందు, డప్పు వెనక ఉన్నట్టు కావాలి అని చెప్పండి. నేను బీఎడ్‌లో నేర్చిన లెసన్ ప్లాన్ లాంటిదే ఇది. పిల్లవాడికి ఏం రావాలో ముందు రాసుకోకుండా క్లాసులోకి పోకూడదు. డబ్బెంత, ఎన్నిసార్లు మారుస్తారు, ఎప్పటికి ఇస్తారు అన్నవి మెసేజ్‌లో రాయించుకోండి.

కాగితం మాట వచ్చింది కాబట్టి నా తప్పు కూడా చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం మా అమ్మాయి ఒకరు రాసిన పాట, పిల్లలంతా కలిసి పాడింది, వీడియో చేస్తామంటే ఒకరికి ఇచ్చాను. నోటిమాటే. వాళ్ల చానెల్లో వచ్చింది, రాసినమ్మాయి పేరు లేదు. తర్వాత మా పిల్లలు తమ పాట తాము పెట్టుకుంటే కాపీరైట్ ఫిర్యాదు వచ్చి తీసేశారు. ఆ అమ్మాయి నన్నేమీ అనలేదు. అందుకే ఇంకా గుచ్చుకుంటుంది.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం మాటలకు రాసినవాళ్లు, బాణీకి కట్టినవాళ్లు తొలి హక్కుదారులు. రికార్డింగ్ హక్కు దాన్ని చేయించిన నిర్మాతది, అది విడి హక్కు. మీ హక్కు వేరేవాళ్లకు పోవాలంటే మీ సంతకంతో రాతపూర్వకంగా ఉండాలి. కాగితంలో కాలం రాయకపోతే అయిదేళ్లుగా లెక్కిస్తారు. 2012 సవరణ తర్వాత రాయల్టీలో రచయిత వాటాకు రక్షణ పెరిగింది. కాబట్టి "ఫార్మాలిటీ, సంతకం పెట్టు తమ్ముడూ" అంటే ఇంటికి తెచ్చుకుని చదవండి. మిక్సింగ్‌కు డబ్బు ఇచ్చినప్పుడు, రికార్డింగ్ హక్కు మీదేనని ఒక్క వాక్యం రాయించుకోండి. అలాగే తీజ్ పాటలు, ఢావ్లోలు మీరు రాసినవి కావు. వాటి కింద మీ పేరు వేసుకోవద్దు. ఏ తండాలో, ఏ అవ్వ దగ్గర విన్నారో ఆమెను అడిగి ఆ పేరు వేయండి.

ఆ అబ్బాయి పాట రెండు మధ్యాహ్నాల్లో పూర్తయింది. మిక్సింగ్ మరో కుర్రాడు చేశాడు, రెండుసార్లు మార్చాడు. వాళ్ల యాడి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని విని, "గట్టిగా పెట్టు" అన్నదట. వాడు ఇప్పుడు ఇంకో పాట మీద ఉన్నాడు.

సరుకుల గది ఆదివారం మధ్యాహ్నం వంట సర్దేశాక ఖాళీగా ఉంటుంది. దుప్పట్ల దండెం తీయలేదు. రైళ్ల వేళల కాగితం తలుపు లోపలివైపు అంటించి ఉంది. వచ్చేముందు ఒక రోజు ఫోన్ చేయండి, బస్తాల లారీ వచ్చే రోజైతే చెబుతాను.