పందిరి వేసే ముందు లెక్క వేద్దాం
(రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మన శంషాబాద్ చుట్టుపక్కల ద్రాక్ష తోటలుండేవంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. అనాబ్-ఎ-షాహీ గుత్తులు, ఆ తర్వాత థామ్సన్ సీడ్‌లెస్ మన రంగారెడ్డి జిల్లాకు పేరు తెచ్చినయి. బోర్లు ఎండినయి, అకాల వానలు ముంచినయి. ఐదు వేల ఎకరాలకు పైగా భూమి విమానాశ్రయానికి పోయింది. 2008 మార్చిలో విమానాలు దిగడం మొదలైనంక మిగిలిన భూముల మీద ప్లాట్ల రాళ్లు లేచినయి. పందిళ్లు పడిపోయినయి.

ఇప్పుడు మళ్లీ ద్రాక్ష మాట వినబడుతోంది. ఈసారి తినేది కాదు, వైన్ ద్రాక్ష. 'మనది మెట్ట నేల, సముద్ర మట్టానికి 600 మీటర్ల ఎత్తు, నాసిక్‌దీ దాదాపు అంతే కదా' అంటున్నారు. నిజమే. కానీ ఎత్తు ఒక్కటే చాలదు. కాయ పండేటప్పుడు రాత్రిళ్లు చల్లగా ఉంటేనే దాంట్లో పులుపు నిలుస్తుంది. అక్టోబర్‌లో కత్తిరిస్తే మనకు కాయ ఫిబ్రవరి, మార్చిలో వస్తుంది. అప్పటికి ఎండ ముదురుతుంది.

ఇంకో సంగతి. ఈ కాయ చిన్నది, తోలు మందం, గింజ ఉంటుంది. పండ్ల మార్కెట్‌కు తీసుకుపోతే కొనేవాడుండడు. కొనాల్సింది ఫ్యాక్టరీ ఒక్కటే. అది చక్కెర శాతం చూసి రేటు కడుతుంది. 'తక్కువుంది' అని తిప్పి పంపితే ఆ బండి ఎక్కడికి తోలాలి? నోటి మాట నమ్మి విత్తన పంట వేసి మునిగినోళ్లం మనలోనే ఉన్నాం.

అందుకే మనం అడగాల్సినవి అడుగుదాం. ఒప్పందం తెలుగులో, కాగితం మీద ఉండాలి. కనీస రేటు, డబ్బు ఇచ్చే తేదీ అందులో రాయాలి. తూకం, చక్కెర కొలత మన కళ్ల ముందే జరగాలి. రాజేంద్రనగర్ శాస్త్రవేత్తలను అడిగి, బోరు నీళ్లు, మన్ను పరీక్ష చేయించి, డాగ్‌రిడ్జ్ వేరు మొక్క మీద అంటు కట్టిన మొక్కలతో ముందు అర ఎకరం వేసి చూద్దాం. మిగతా చేనులో జొన్న, కూరగాయలు, పశువుల మేత విడిచిపెట్టొద్దు.

ద్రాక్ష తోట పదిహేనేళ్ల పెట్టుబడి. పందిరికి, తీగకు, డ్రిప్‌కు ముందే అప్పు తేవాలి. పంట చేతికొచ్చేది రెండు, మూడేళ్లకు. కౌలు రైతుకు అన్నేళ్ల కౌలు ఎవరు రాసిస్తారు? జంట జలాశయాల రక్షణకు 1996లో 84 గ్రామాలకు 111 జీవో వచ్చింది. ఆ ఆంక్షలు ఎత్తేస్తూ 2022లో 69 జీవో వచ్చింది. తీగ కాపుకొచ్చే నాటికి ఆ పొలం పొలంగానే ఉంటుందా?

ద్రాక్షకు మనం వ్యతిరేకం కాదు. లాభం వాళ్లకు, నష్టం మనకు అనే లెక్కకే వ్యతిరేకం. తోట పెట్టమని చెప్పే ప్రభుత్వం పంట బీమా, కౌలుదారుకు రుణం, సాగు భూమికి రక్షణ ముందు చూపించాలి. అప్పటిదాకా ఏ కాగితం మీదా ఒంటరిగా సంతకం పెట్టకండి. ముందు సంఘానికి తెచ్చి చదివించండి. అందరం కూర్చొని తేల్చుకుందాం.